ముందు ముఖం, తర్వాత పెయింటింగ్: నచ్చుడుల తేడా వస్తదా? ప్రయోగానికి సలహా కావాలె

నయీంనగర్_సైకాలజీ

అందరికీ నమస్తే. ఎం.ఏ. సైకాలజీ ప్రాజెక్టు కోసం హన్మకొండలో ఒక చిన్న ప్రయోగం అనుకుంటున్న. నైరూప్య చిత్రం, అంటే ఇది చెట్టు, ఇది గుట్ట, ఇది మనిషి అని గుర్తుపట్టే వీల్లేకుండా రంగులు, గీతలు, ఆకారాలే ఉండే పెయింటింగ్. అది తెర మీదికి వచ్చే ముందు ఒక్క క్షణం నవ్వుతున్న ముఖమో, రోత పడుతున్న ముఖమో కనిపిస్తే, పెయింటింగ్ నచ్చడం మారుతదా?

ఆధారం 2013ల ప్లోస్ వన్ పత్రికల వచ్చిన ఫ్లెక్సస్, రొసెల్లో, నదాల్, మునార్ తదితరుల పరిశోధన. వాళ్లు నవ్వు, రోత, ఏ భావమూ లేని ముఖం అని మూడు రకాలు తీసుకున్నరు. ముఖం మొదలైనప్పటి నుంచి పెయింటింగ్ మొదలయ్యేదాకా ఒక పద్ధతిల 20 మిల్లీసెకన్లు, ఇంకో పద్ధతిల 300 మిల్లీసెకన్లు పెట్టిన్రు. 300 దగ్గర నవ్వు తర్వాత వచ్చిన పెయింటింగులు ఎక్కువ నచ్చినయి, రోత తర్వాత వచ్చినవి తక్కువ నచ్చినయి. 20 దగ్గర నవ్వు పనిచేసింది గానీ రోత పనిచెయ్యలేదు. ఆ 20 దగ్గర ముఖం కనబడ్డట్టు కూడ చూసినోళ్లకు తెల్వదు.

నా ప్లాన్ ఇది. నెట్ నుంచి 30 పెయింటింగులు, 15 ముఖాలు. క్లాస్‌రూంల ప్రొజెక్టర్ మీద 40 మంది విద్యార్థులకు ఒక్కసారే చూపించి, "ఈ చిత్రం ఎంత అందంగా ఉంది?" అని 1 నుంచి 5 దాకా కాయితం మీద మార్కులు వేయించాలె. 20, 300 రెండూ పెట్టాలె. దీంట్ల ఎక్కడెక్కడ దెబ్బ తింటనో చెప్పుండ్రి. రిపోర్టు రాసినంక తెలిసేకంటే ఇప్పుడే తెలుస్తే నయం.

తెరవెనుక

ముందు ప్రొజెక్టర్ ఆలోచన వదిలేయండి. అందరికీ ఒకే వరసలో, ఒకే ముఖం ఒకే పెయింటింగ్‌తో జతపడి కనిపిస్తే, ఏడో పెయింటింగ్‌కు ఎక్కువ మార్కులు వచ్చింది నవ్వు వల్లనా, పెయింటింగే బాగుండా, ఆరోది మరీ బాగాలేకనా అని ఎప్పటికీ తేల్చలేరు. పైగా వెనక బెంచీలో ఒకరు కిసుక్కుమంటే 40 మందికీ అదొక భావ సూచన అయిపోతుంది. మీరు కొలవబోయేది సరిగ్గా అదే కదా! ఒక్కొక్కరిని ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలి.

ఇక 20 మిల్లీసెకన్ల సంగతి. కాలేజీ ల్యాబులో ఉండే మామూలు మానిటర్ 60 హెర్ట్జ్. అది తెరను సెకనుకు 60 సార్లు కొత్తగా గీస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. దాని మీద 20 అనేదే లేదు. 16.7 అయినా కావాలి, 33.3 అయినా కావాలి. ప్రోగ్రామ్‌లో 20 అని రాస్తే అది ఎర్రర్ చూపించదు, ఈ రెండింటిలో ఏదో ఒకటి చేసేసి ఊరుకుంటుంది, మీ రిపోర్టులో మాత్రం 20 అని పడుతుంది. నిజంగా 20 కావాలంటే 100 హెర్ట్జ్ మానిటర్ మీద సరిగ్గా రెండు ఫ్రేములు, లేదా 144 హెర్ట్జ్ మీద మూడు ఫ్రేములు (20.8). అవి దొరక్కపోతే 300 ఒక్కటే పెట్టుకోండి. 60 హెర్ట్జ్ మీద 18 ఫ్రేములంటే కచ్చితంగా 300. కొత్తగా కొన్న మానిటర్లు కొన్ని 75 హెర్ట్జ్‌లో ఉంటాయి. అక్కడ 300 అంటే ఇరవై రెండున్నర ఫ్రేములు, అది కుదరదు, కాబట్టి సెట్టింగుల్లో 60కి దించండి. ప్రోగ్రామ్‌లో కాలాన్ని సెకన్లలో కాకుండా ఫ్రేముల లెక్కలోనే రాయండి. ఇలాంటి ప్రయోగాలు తయారుచేసే సైకోపై అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలుంది, అది ఉచితం కూడా.

ఎక్కువమంది చిక్కుకునే ఇంకో చోటు: పెయింటింగ్ ఫైళ్లు. నెట్ నుంచి దించిన 4000 పిక్సెళ్ల జేపెగ్‌ను ప్రోగ్రామ్ అప్పటికప్పుడు తెరవబోతే కొంత సమయం తింటుంది, ఆలోగా ముఖం తెర మీదే ఉండిపోతుంది. అన్నిటినీ పొడవు వైపు 800 పిక్సెళ్లకు కుదించి, ప్రయోగం మొదలవకముందే మెమరీలోకి ఎక్కించాలి. వైఫై, యాంటీవైరస్, ఆటో అప్‌డేట్ ఆపేయాలి. చివరగా ఫోన్ స్లో మోషన్‌లో (సెకనుకు 240 ఫ్రేములు) తెరను వీడియో తీసి లెక్కపెట్టండి: 300 మిల్లీసెకన్లకు ముఖం 72 ఫ్రేముల్లో కనిపించాలి, ఒకటి రెండు అటూ ఇటూ అయినా పరవాలేదు. 80 దాటిందంటే మీ కంప్యూటర్ ఎక్కడో నిద్రపోతోంది.

20 పద్ధతి కూడా చేసి తీరాలనుకుంటే ముఖం తర్వాత మాస్క్ పెట్టండి. అంటే అదే ముఖాన్ని చిన్న చిన్న గడులుగా కోసి కలగాపులగం చేసిన బొమ్మ. అది ముఖం ఉన్న చోటనే, అంతే సైజులో రావాలి. పెయింటింగే ముఖాన్ని కప్పేస్తుంది కదా అనుకోవద్దు. దట్టమైన రంగులున్న పెయింటింగ్ కప్పుతుంది, సగం తెల్లగా ఖాళీగా ఉన్నది కప్పదు. అప్పుడు కొన్ని పెయింటింగుల ముందు మాత్రమే ముఖం "కనిపించినట్టు" అవుతుంది, ఫలితం పాడవుతుంది. మాస్క్ పెడితే దాని కాలాన్ని కూడా కలుపుకుని రిపోర్టులో విడిగా రాయాలి. ముఖం మొదలు నుంచి పెయింటింగ్ మొదలుదాకా అనే లెక్క అప్పుడు 20 కాదు.

ఒక్క ట్రయల్ (ఒక ముఖం, ఒక పెయింటింగ్, ఒక మార్కు) ఇలా ఉండొచ్చు: మధ్యలో + గుర్తు 500 మిల్లీసెకన్లు, ముఖం 300, పెయింటింగ్ 2 సెకన్లు, తర్వాత స్కేలు (నొక్కేదాకా ఉంటుంది), ఆపైన ఖాళీ బూడిద రంగు తెర 1 సెకను. మొత్తం ఆరేడు సెకన్లు. 60 పెయింటింగులకు ఏడు నిమిషాలు పడుతుంది. 15 నిమిషాలు దాటితే విసుగే అన్నిటికన్నా పెద్ద భావమైపోతుంది.

ముఖాల విషయంలో: ఒకే మనిషి మూడు భావాలూ చూపించినవి తీసుకోండి. లేకపోతే నవ్వే మనిషి అందగాడు కావడం వల్లనే తేడా వచ్చిందేమో తెలియదు. వెంట్రుకలు, చెవి కమ్మలు, బట్టలు కనపడకుండా కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి, నలుపు తెలుపులోకి మార్చండి. నవ్వులో పళ్లు బయటపడతాయి, తెల్లటి పట్టీ ఒకటి తెర మీదికి వస్తుంది. అందుకని సగటు వెలుగును మూడు రకాల్లోనూ సమానం చేయాలి. స్వీడన్‌లో 1998లో తయారైన కె.డి.ఇ.ఎఫ్. సెట్‌లో 70 మంది, ఒక్కొక్కరివి ఏడు భావాలు ఉన్నాయి, పరిశోధనకు వాడుకోవచ్చు. వాళ్ల నవ్వు మనకు ఇట్టే తెలుస్తుంది. వాళ్ల రోత మాత్రం మనవాళ్లకు కోపంలా కనిపించొచ్చు. ముందు 20 మందికి చూపించి "ఈయన ముఖంలో ఏముంది?" అని అడగండి. 20లో 16 మంది కన్నా తక్కువ మంది రోత అన్న ముఖాన్ని తీసేయండి. ముక్కు చిట్లించి పై పెదవి ఎత్తిన ముఖాలు నిలుస్తాయి. కనుబొమలు బాగా ముడిచినవి కోపంలోకి జారిపోతాయి.

గోడకు_మేకు

సాంకేతికం పైన మంచిగ చెప్పిన్రు. నేను పెయింటింగుల గురించి చెప్త, ఎందుకంటే సైకాలజీ వాళ్లు ముఖాల మీద పెట్టే శ్రద్ధల పావలా వంతు కూడ బొమ్మల మీద పెట్టరు.

నైరూప్యం అని గూగుల్‌ల కొడితే వచ్చేటియి సగం హోటల్ గోడల అలంకారం. ఇంకో సగంల కండ్లు, పక్షి, ఆడమనిషి నడుము ఏదో ఒకటి దాక్కొని ఉంటది. రెండు చుక్కలు, కింద ఒక గీత ఉంటే సాలు, మనిషి మెదడు దాన్ని ముఖం అనుకుంటది. నీ ప్రయోగంల ముందే ఒక ముఖం చూపించినవు. ఆ ఊపుల మనిషి పెయింటింగుల కూడ ముఖాన్నే ఎతుకుతడు. అట్లాంటియన్ని పక్కన పెట్టు. ఒక పది మందికి చూపించి "దీంట్ల ఏమన్న కనబడుతుందా?" అని అడుగు, ముగ్గురు ఒకటే వస్తువు పేరు చెప్పిన్రంటే ఆ బొమ్మ నీకు పనికిరాదు.

మన దిక్కు ఇంకో చిక్కు. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా గీసిన బిందువు మస్తు పేరున్న నైరూప్యం. ఇక్కడ చూపిస్తే అది బొట్టు, లేకుంటే పూజ గదిల యంత్రం. మన కరీంనగర్ జిల్లాల 1915ల పుట్టిన పి.టి. రెడ్డి తాంత్రిక బొమ్మలు కూడ అంతే. త్రికోణం మీద త్రికోణం చూడంగనే చెయ్యి దండం పెడ్తది. అది కళ నచ్చుడు కాదు, భక్తి. పసుపు పక్కన ఎర్ర రంగు పడితే పసుపు కుంకుమ. ఎలక్షన్ల టైంల అయితే గులాబీ, కాషాయం, మూడు రంగులు, ఏది పెట్టినా ఎవనిదో ఒక పార్టీ జెండనే. నవ్వుతున్న ముఖం ఇచ్చే చిన్న ఊపుకంటే ఈ రంగుల బరువు శానా ఎక్కువ. ఒక్క రంగే సగం కంటే ఎక్కువ జాగ తినే బొమ్మలు తీసెయ్.

వరంగల్ కొత్తవాడ దర్రీల డిజైన్లు, ముగ్గులు వాడుదమని ఎవరన్న సలహా ఇస్తరు, "మన నైరూప్యం" అని. దర్రీల గళ్లు, కోణాలు నిజంగనే నైరూప్యమే, నాకు పానం. కానీ ఈ పనికి వద్దు. చిన్నప్పటి సంది ఇంట్ల పరిచి కూసున్న డిజైన్ కదా, దాని మీద అభిప్రాయం ముందే గట్టిపడి ఉంటది. 1968ల సైకాలజిస్టు జాయన్స్ చెప్పిన మాట అదే, ఊకె ఊకె కండ్ల పడింది ఊకెనే నచ్చుతది. అభిప్రాయం గట్టిపడ్డ చోట 300 మిల్లీసెకన్ల నవ్వు ఏం చేస్తది?

గందుకని ఇట్ల చెయ్. 100 బొమ్మలు జమ చేసి, ప్రయోగంల కూసోని వేరే 25 మందితోని ముఖాలు లేకుంటనే 1 నుంచి 7 దాకా మార్కులు వేయించు. సగటు 3 నుంచి 5 నడుమ వచ్చిన 60 తీసుకో. శానా నచ్చినయి, అస్సలు నచ్చనియి తీసి అవతల పెట్టు, ఎందుకంటే 6.5 దగ్గర ఉన్నదానికి నవ్వు ఇంకేం పైకి లేపుతది? సగటొక్కటే చూస్తే కూడ మోసపోతవు. సగం మంది 1, సగం మంది 7 వేస్తే కూడ సగటు 4 వస్తది గదా. మార్కులు నడుమల గుమిగూడినయా, రెండు చివర్ల చీలినయా చూడాలె. కింద సంతకం, మూలకు వెబ్‌సైట్ ముద్ర ఉంటే కత్తిరించు. బొమ్మ పేరు, చిత్రకారుని పేరు ఏది చూపియ్యకు. 2009ల ఉల్రిక్ కిర్క్ వాళ్లు చేసిన దాంట్ల గ్యాలరీదని చెప్పిన నైరూప్య చిత్రాలకు ఎక్కువ మార్కులు పడ్డయి, కంప్యూటర్ల చేసినయని చెప్పినవాటికి తక్కువ పడ్డయి. ఒక్క చీటీ అంత పని చేస్తది.

నయీంనగర్_సైకాలజీ

తెరవెనుక సార్, మేకు అన్నా, ఇద్దరికీ థాంక్స్. ప్రొజెక్టర్ తీసేసిన. 300 ఒక్కటే ఉంచుత.

రెండు సందేహాలు. 20 దగ్గర నవ్వు పనిచేసి రోత ఎందుకు పనిచెయ్యలేదు? ఇంకోటి, ఎస్కిన్ వాళ్లు 2012ల చేసిన పరిశోధనల భయం పుట్టిస్తే నైరూప్య చిత్రం ఇంకా ఉదాత్తంగ అనిపించిందని చదివిన. రోత తగ్గిస్తది, భయం పెంచుతదంటే రెండూ చెడు భావాలే కదా, ఎట్ల పొసుగుతయి?

తెరవెనుక

మొదటిదానికి నేను నమ్మే వివరణ ఒకటుంది. నవ్వు ముఖాన్ని గుర్తుపట్టడానికి తక్కువ వివరం చాలు. నోరు పక్కలకు సాగడం దూరం నుంచి, మసకలో, అరక్షణంలో కూడా తెలుస్తుంది. రోత ముక్కు పక్కన ముడతల్లో, పై పెదవి వంపులో ఉంటుంది. ఆ సన్న వివరం అందేలోపే 20 మిల్లీసెకన్లు అయిపోతాయి. ఇది వివరణే, రుజువు కాదు. రిపోర్టులో "కావచ్చు" అని రాయండి.

రెండోదానికి: అక్కడ అడిగిన ప్రశ్నే వేరు. ఎస్కిన్, కసినిక్, ప్రింజ్ ప్రయోగంలో 85 మంది, ఐదు గుంపులు. కొందరికి భయపెట్టే వీడియో, కొందరికి సంతోషపెట్టే వీడియో, కొందరితో 15 గెంతులు, కొందరితో 30 గెంతులు వేయించారు, ఒక గుంపుకు ఏమీ లేదు. తర్వాత రష్యన్ చిత్రకారుడు ఎల్ లిసిట్స్కీ నైరూప్య చిత్రాలు చూపించి, అవి ఎంత కదిలించాయి, ఎంత ఉదాత్తంగా ఉన్నాయి అనే దిశలో అడిగారు. భయం గుంపు ఎక్కువ వేసింది. కదిలించడం వేరు, నచ్చడం వేరు. వణికించిన చిత్రం ఇంట్లో పెట్టుకోవాలనిపించకపోవచ్చు. పైగా అక్కడ మనిషే నిజంగా భయపడ్డాడు. మీ దగ్గర ఎదుటి మనిషి రోత ముఖం పెడితే ఒక్క తళుకు చూడడమే, చూసినవాడికి రోత పుట్టదు. ఒకటి స్థితి, ఒకటి సూచన. గుంపుకు 17 మంది చొప్పున చేసిన ప్రయోగం మీద ఎక్కువ బరువు వేలాడదీయడం కూడా నాకు ఇష్టం ఉండదు.

మీ ప్రయోగానికి అసలైన తాత 1993 నాటి మర్ఫీ, జాయన్స్ పేపర్. చైనా లిపి రాని అమెరికన్లకు చైనా అక్షరాలు చూపించారు. చదవడం రానివాడికి అక్షరం కూడా నైరూప్య చిత్రమే కదా. ముందు వచ్చిన ముఖం 4 మిల్లీసెకన్లు ఉంటే ఇష్టం అటు ఇటు కదిలింది, నిండు సెకను ఉంటే కదలలేదు. పూర్తిగా కనపడితే "ఇది ఆ ముఖం వల్ల వచ్చిన భావం" అని మనిషి దాన్ని పక్కన పెట్టేయగలడన్నమాట. ఫ్లెక్సస్ వాళ్ల 300 దగ్గర మాత్రం ప్రభావం నిలిచింది. ఈ రెండు ఫలితాల మధ్య సందులోనే మీ చర్చ అధ్యాయం ఉంది. అక్కడ పేజీలు పెంచండి, పరిచయంలో కాదు.

పోతన_వాకిలి

తెలుగు ప్రశ్న గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు తంటా అక్కడుంది.

"ఎంత అందంగా ఉంది?" అని అడగొద్దు. మనవాళ్ల నోట అందం అనే మాట మనిషికి, ముగ్గుకు, గుడికి వాడతారు. నల్ల గీతల మీద బూడిద రంగు పూసిన దాన్ని అందం అనడానికి నోరు రాదు. అందరూ 1, 2 దగ్గరే ఆగిపోతారు, అక్కడి నుంచి రోత ముఖం ఇంకెక్కడికి దించుతుంది? "మంచిగుందా?" అన్నా కుదరదు. ఆ ప్రశ్నకు మర్యాద కోసం "మంచిగనే ఉంది" అనేస్తారు, చుట్టాలింట్లో కూర గురించి అడిగినట్టు. "ఈ పెయింటింగ్ మీకు ఎంత నచ్చింది?" అన్నది సూటిగా ఉంటుంది. 1 కింద "అస్సలు నచ్చలేదు", 7 కింద "చాలా నచ్చింది", మధ్యలో 4 కింద ఏమీ రాయకండి. "బొమ్మ" అంటే లోపల మనిషినో జంతువునో వెతుకుతారు, "చిత్రం" అంటే సినిమా గుర్తుకొస్తుంది. పెయింటింగ్ అన్న మాటే మేలు.

"అర్థమైందా?" అనే ప్రశ్న ముందు అస్సలు పెట్టవద్దు. అర్థం కాలేదని ఒప్పుకోవడం చిన్నతనంగా ఉంటుంది, ఆ చిన్నతనం తర్వాతి పెయింటింగ్ మీద పడుతుంది. కావాలంటే అన్నీ అయ్యాక అడగండి.

ముఖాలకు పేరు పెట్టించేటప్పుడు పుస్తకాల్లో ఉన్నట్టు "జుగుప్స" అని ఇవ్వకండి. నూటికి పది మందికి కూడా చప్పున తట్టదు. రోత, చీదర, యాక్, ఏది చెప్పినా సరైనదే అని ముందే రాసిపెట్టుకోండి. అయితే సిద్ధాంతం అధ్యాయంలో నాట్యశాస్త్రం రాసిన భరతుడికి చోటివ్వండి. మీ రెండు ముఖాలూ నాట్యశాస్త్రం చెప్పిన స్థాయీభావాలే (మనసులో నిలిచి ఉండే మూల భావాలు), హాసం ఒకటి, జుగుప్స ఒకటి. అంతకన్నా పనికొచ్చేది దానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడి మాట. రసాస్వాదనకు ఏడు విఘ్నాలు చెబుతూ, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండడం ఒక విఘ్నం అన్నాడు. దానికి విరుగుడుగా పాట, వాద్యం, మండపం అలంకరణ చెప్పాడు. చూసేవాడి మనసు బయటి సూచనల వల్ల అటు ఇటు ఒరుగుతుందనీ, ఆ సూచనలతోనే దాన్ని సరిచేయవచ్చనీ వెయ్యేళ్ల కిందటే తెలుసు.

తెరవెనుక

అభినవగుప్తుడు మాట్లాడింది నాటకం చూసే రసికుడి గురించి. మిల్లీసెకన్ల ముఖాల దాకా లాగితే ఆయన ఒప్పుకోడేమో! ఒక పేరా వరకు బాగుంటుంది, పరికల్పనకు ఆధారంగా మాత్రం చూపించకండి. స్కేలు మాటలతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను.

పడుగు_పేక

లెక్కలు. 40 మంది చాలరు.

ఒకే మనిషి మూడు రకాల ముఖాలూ చూస్తాడు కాబట్టి జత పోలిక. 5 శాతం హద్దు (లేని తేడాను ఉందనుకునే ప్రమాదం), ఉన్న తేడాను 80 శాతం పట్టుకునే అవకాశం కావాలంటే: ప్రభావం పరిమాణం (సగటు తేడాను ఆ తేడాల ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేది) 0.5 అయితే 34 మంది, 0.3 అయితే 90 మంది, 0.2 అయితే 199 మంది. అచ్చయిన పేపర్లో కనబడ్డ ప్రభావం కంటే మళ్లీ చేసినప్పుడు వచ్చేది సాధారణంగా చిన్నదే. 0.3 పెట్టుకుని 90 అనుకోండి. మూడు జాబితాలకు సమానంగా 30, 30, 30 పడతారు. మీకు రెండు పోలికలు (నవ్వుకూ భావం లేని ముఖానికీ, రోతకూ భావం లేని ముఖానికీ) కాబట్టి ఒక్కోదానికి హద్దు 2.5 శాతం పెడితే జనం ఇంకొంచెం పెరగాలి, 110 దాకా. అంత దొరక్కపోతే ముందే ఒక్కటే ప్రధాన పోలికగా ప్రకటించండి, నవ్వుకూ రోతకూ మధ్య తేడా. అన్నిటికన్నా పెద్ద తేడా వచ్చే అవకాశం అక్కడే ఉంది. అయితే పైకి పోయింది నవ్వు వల్లనా, కిందికి పోయింది రోత వల్లనా అన్నది ఆ ఒక్క పోలిక చెప్పదు.

జాబితాలు ఇలా: 60 పెయింటింగులను 20 చొప్పున క, గ, చ అని మూడు కట్టలు చేయండి, ముందటి పరీక్షలో మూడు కట్టల సగటూ దాదాపు ఒకటే ఉండేలా. మొదటి జాబితాలో క నవ్వుతో, గ రోతతో, చ భావం లేని ముఖంతో. రెండో జాబితాలో ఒక మెట్టు జరపండి, మూడోదానిలో ఇంకో మెట్టు. ఇప్పుడు ప్రతి పెయింటింగూ మూడు ముఖాలతోనూ జతపడుతుంది, ఒక మనిషికి మాత్రం ఒక్కసారే కనిపిస్తుంది. వరస ప్రతి మనిషికీ వేరుగా కలపాలి, ఒకే రకం ముఖం వరసగా మూడుసార్లు రాకూడదు. మొదట ఆరు ట్రయల్స్ అలవాటు కోసం పెట్టండి, లెక్కలోకి తీసుకోవద్దు.

ఎవరి డేటా తీసేయాలో ముందే రాసి గైడ్‌తో సంతకం పెట్టించుకోండి. 60లో 54 సార్లు ఒకే అంకె నొక్కినవాళ్లు, మార్కు స్కేలు వచ్చిన 200 మిల్లీసెకన్ల లోపే నొక్కిన ట్రయల్స్, ఇలాంటివి. ఫలితం చూశాక నియమం పెడితే అది నియమం కాదు.

విశ్లేషణలో సగటులు తీసి టి-పరీక్ష (రెండు సగటుల తేడాను తూచే పరీక్ష) చేస్తే మనుషుల మధ్య తేడాలు లెక్కలోకి వస్తాయి, పెయింటింగుల మధ్య తేడాలు రావు. మీ ఫలితం ఈ 60 పెయింటింగులకేనా, వేరే పెయింటింగులకూ వర్తిస్తుందా అని వైవాలో అడుగుతారు. మనిషినీ, పెయింటింగునూ రెంటినీ యాదృచ్ఛిక అంశాలుగా (పెద్ద గుంపులోంచి తీసిన మచ్చులుగా) పెట్టి మిశ్రమ నమూనా (మిక్స్‌డ్ మోడల్) నడిపితే ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో గానీ, ఉచితంగా దొరికే జమోవిలో గానీ చేయొచ్చు. తేడా ఏడు మార్కుల స్కేలు మీద పాయింటులో కొన్ని పదో వంతులే వస్తే గాభరా పడకండి. ఒకటిన్నర పాయింటు వస్తేనే గాభరా పడాలి. ఎక్కడో మీ ఉద్దేశం బయటపడిందన్నమాట.

20 పద్ధతి పెట్టుకునేవాళ్లకు ఒక మాట: చివర్లో ముఖాలు మళ్లీ అంతే వేగంగా చూపించి "నవ్వా, రోతా?" అని 60 సార్లు అడగాలి. గుడ్డిగా నొక్కితే 30 సరైనవి వస్తాయి. 37 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆ మనిషికి ఏదో కనిపిస్తోందని అనుమానించండి. కానీ వందమందిలో నలుగురైదుగురికి అదృష్టం కొద్దీ అంత వస్తుంది, అందుకని ఒక్కొక్కరినే కాక మొత్తం సగటు 30కి దగ్గరగా ఉందో లేదో చూడండి.

గోడకు_మేకు

ఒక్కటి మర్చిపోయిన. గది. ల్యాబు బయట నిలబడి జనాన్ని లోపలికి పిలిచే మనిషి మొఖం కూడ మొఖమే. ఒకరోజు నవ్వుకుంట పిలిచి, ఇంకోరోజు "తొందరగ కానియ్యిర్రి" అని గుర్రుమంటే ఏం కావాలె? పిలిచే మనిషి ఒక్కడే ఉండాలె, చెప్పాల్సిన మాటలు కాయితం మీద రాసుకొని చదవాలె, ఏ జాబితా నడుస్తున్నదో వానికి తెల్వద్దు. ఎండకాలం మధ్యాహ్నం ఫ్యాన్ సుత సరిగ్గ తిరగని ల్యాబుల కూసోబెడితే అందరికీ రోతనే పుడ్తది, ముఖం చూపించే పని లేదు. పొద్దుగాల 9 నుంచి 12 నడుమ పెట్టుకో. మూడు జాబితాలు ప్రతి రోజు సమానంగ నడిపియ్యి. సోమవారం మొదటి జాబితా, మంగళవారం రెండో జాబితా అని పంచితే కరెంటు పోయిన రోజు ప్రభావమంతా ఒక్క జాబితా నెత్తి మీద పడ్తది.

నయీంనగర్_సైకాలజీ

అందరు చెప్పింది రాసుకున్న. కొత్త ప్లాన్: 100 పెయింటింగుల నుంచి 60, వేరే 25 మందితో ముందటి పరీక్ష. ముఖాలు కె.డి.ఇ.ఎఫ్. నుంచి 20 మందివి, పది మంది ఆడవాళ్లు, పది మంది మగవాళ్లు, రోత పరీక్ష అయినంక మిగిలినవాళ్లే. మూడు జాబితాలు, 90 మంది, 60 హెర్ట్జ్, 18 ఫ్రేములు. ప్రధాన పోలిక నవ్వు–రోత. ప్రశ్న "ఈ పెయింటింగ్ మీకు ఎంత నచ్చింది?", 1 నుంచి 7. ముందుగ సమ్మతి పత్రంల "ముఖాల ప్రభావం మీద ప్రయోగం" అని రాయాలెనా? రాస్తే అందరికీ తెలిసిపోతది, రాయకుంటే మోసం అయితదేమో.

తెరవెనుక

"ముఖాలూ, పెయింటింగులూ చూసి పెయింటింగుల మీద మీ అభిప్రాయం చెప్పడం" అని రాయండి. అబద్ధం లేదు, ఉద్దేశమూ బయటపడదు. కొన్ని ముఖాల్లో చిరాకు భావాలు ఉంటాయనీ, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చనీ ఉండాలి. తెర మీద సూచన: "ముందు ఒక ముఖం వస్తుంది, దానికి మార్కులు వేయనక్కర్లేదు, తర్వాత వచ్చే పెయింటింగ్‌కు వేయండి." ముఖాన్ని పట్టించుకోవద్దు అని గట్టిగా రాస్తే దాన్నే పట్టించుకుంటారు.

అయిపోయాక నాలుగు ప్రశ్నలు, ఇదే వరసలో: ఎలా అనిపించింది? ఇది దేని గురించి అనుకున్నారు? ముఖాలు మీ మార్కుల మీద ఏమైనా ప్రభావం చూపాయా? చూపితే ఎటు వైపు? చివరి ప్రశ్న ముందు అడిగితే మొదటిదానికి నిజమైన జవాబు రాదు. ఉద్దేశాన్ని సరిగ్గా ఊహించినవాళ్లను వేరే గుర్తు పెట్టి, వాళ్లతో కలిపి ఒకసారి, లేకుండా ఒకసారి విశ్లేషించండి. ఆ తర్వాతే అసలు సంగతి అందరికీ విప్పి చెప్పండి, కానీ 90 మందీ అయ్యేదాకా బయట మాట్లాడవద్దని కోరండి. ఒకే హాస్టల్‌లో ఉండేవాళ్లను ఒకే పూటలో పిలిచేస్తే ఇంకా మంచిది, రాత్రి మెస్‌లో కబుర్లతో రేపటి డేటా పోకుండా ఉంటుంది.

ఇంకొకటి, 20 మంది ముఖాలు మూడు రకాల్లో అంటే ఒక్కో మనిషి ముఖం మూడుసార్లు వస్తుంది. అదే మనిషి వెంటవెంటనే రాకుండా మధ్యలో కనీసం ఐదు ట్రయల్స్ దూరం పెట్టండి.